చెరువు రొయ్య - సముద్రపు పద్దు

చెరువులో పెంచిన రొయ్యను తింటే సముద్రపు రొయ్య బతికిపోతుందిగదా అని ఒక మిత్రుడు మొన్న నాతో వాదించారు. వినడానికి బాగానే ఉంది. పెరట్లో బీరపాదు ఉంటే సంతకు పోనక్కరలేదు. కాని ఆ పాదుకు ఎరువెవరిది, నీళ్లెవరివి అనేదీ పద్దులో రాసుకోవాలి.

టైగరు రొయ్య సంగతే చూడండి. గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు మాత్రం పోటునీటితోపాటు ఉప్పుటేళ్లలోకి వచ్చి, మడచెట్ల వేళ్ల నడుమ దాగి, తిని ఒళ్లుచేసి మళ్లీ సముద్రానికి పోతాయి. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చే పిల్లలన్నమాట! పీతపిల్లలకూ, పండుగప్ప పిల్లలకూ అదే అమ్మమ్మగారిల్లు. 1990 తర్వాత మన కోస్తాకు రొయ్యల జ్వరం తగిలినప్పుడు, గోదావరి, కృష్ణా మొగల దగ్గర ఆ ఇంట్లో కొన్ని గదులు చెరువులైపోయాయి.

చెరువుల్లో వదలడానికి పిల్ల కావాలిగదా. ఏటి మొగల్లో సన్నకన్ను వలలు లాగారు. పడినవాటిలో టైగరు పిల్ల ఒకటీ అరా. తక్కిన చేపపిల్లలన్నీ కూరలో కరివేపాకే.

1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులను ఊడ్చేసింది. ఒకరు వదిలిన నీళ్లే పక్కవారు తోడుకునే కాలువలాయె. ఆ జబ్బు ఏటి పీతలకూ, సముద్రపు రొయ్యలకూ అంటేదే. రైతు నష్టం పత్రికలకెక్కింది. పీతకు విలేకరి ఎవరున్నారు?

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పోటు గీతనుంచి 500 మీటర్లలోపు రొయ్యల చెరువులు కూడదంది, సంప్రదాయ పద్ధతివాటిని మినహాయించి. 2005లో వచ్చిన చట్టం, రిజిస్టరు చేయించుకొని నడుపుకొమ్మంది. 2009లో అమెరికా పసిఫిక్ తీరపు రొయ్య వెనామీకి అనుమతి దొరికింది. దాని పిల్ల హేచరీలో పుడుతుంది గనుక ఏటి మొగల్లో ఆ వలల పని తగ్గింది. ఈ మేలు ఒప్పుకోవలసిందే.

మేత మాటేమిటి? కవళ్లవంటి చిన్న చేపలను, వలల్లో పడిన చిల్లర చేపను ఉడికించి, పిండి, ఎండబెట్టి పొడిచేస్తారు. ఆ పొడి మేతలో కలుస్తుంది. ఇప్పుడు సోయాపిండి పాలు పెరిగి చేపపొడి తగ్గిందంటారు, నిజమే. అయినా చెరువులు పెరిగినకొద్దీ ఆ కొంచెమూ కొండంత. కవళ్లు తినే వంజరం ఏం తినాలి? గంజన్నంలోకి ఎండుచేపే ఆదరువుగా గల ఇల్లాలు ఏం వండాలి? మన బల్లమీది వేపుడు కంటికి ఇంపే, కాని నా లెక్కలో దాని ధర ఆవిడ కూడా కొంత చెల్లిస్తోంది.

డెల్టాల్లో కొన్నిచోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి మడమొక్కలు నాటారు. ఆ కాలువల్లోకి పోటునీరు ఎక్కుతుంది. రొయ్యపిల్ల వచ్చే దారీ అదే.