పదహారేళ్లకు తాళం వేసేది ఎవరు?

ఆడపిల్ల పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికి రాగానే మన ఇళ్లల్లో ఒక మాట పుడుతుంది. "ఇంక ఆటలు చాలు." జనగామలో మా వాడలోనూ ఇదే మాట, మానుకోటలో మా పుట్టింటి వైపూ ఇదే మాట, భూపాలపల్లిలో మా ఆడబిడ్డ వాళ్లుండే సింగరేణి క్వార్టర్లలోనూ ఇదే మాట. ఊళ్లు మారినా మాట మారదు. అనేది ఎప్పుడూ తండ్రే అనుకునేరు. చాలా ఇళ్లల్లో తల్లే అంటుంది. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. కోపం వచ్చినవాళ్లు చివరిదాకా చదివి, అప్పుడు తిట్టండి.

ముందు ఒక లెక్క చూద్దాం. ప్రపంచ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు 1986లో ఏథెన్స్‌లో మొదలయ్యాయి. ఇప్పుడు అండర్-20 పోటీలంటున్నారు. ఆ ఏడాది డిసెంబరు ఆఖరుకు ఇరవై నిండేవాళ్లకు అందులో చోటు లేదు, పదహారు నిండనివాళ్లకూ లేదు. అంటే ఇంటర్ నుంచి డిగ్రీ మొదటి రోజుల దాకా, మొత్తం నాలుగేళ్లు. ఒక మనిషి బతుకులో ఆ తలుపు తెరిచి ఉండేది అంతే. సరిగ్గా ఆ నాలుగేళ్లకే మనం తాళం వేస్తాం. మగపిల్లలకు ఎంసెట్ తాళం. ఆడపిల్లలకు దాని మీద లగ్గం తాళం కూడా.

తాళం వేయని ఇళ్లు ఎట్లా ఉంటాయి? 2018 జులైలో ఫిన్లాండ్‌లోని టాంపెరెలో హిమ దాస్ 400 మీటర్లు 51.46 సెకన్లలో ఉరికి బంగారు పతకం తెచ్చింది. అస్సాంలో వరి పండించుకునే ఇంటి పిల్ల, అప్పటికి పద్దెనిమిదేళ్లు. 2021లో నైరోబీలో శైలీ సింగ్ లాంగ్ జంప్‌లో 6.59 మీటర్లు దూకింది. బంగారం ఒక్క సెంటీమీటరుతో తప్పింది, వెండి వచ్చింది. ఆ పిల్లను ఝాన్సీలో కుట్టుమిషన్ తొక్కి ఒంటరిగా పెంచింది తల్లే. మన వీధుల్లో కుట్టుమిషన్లకు కరువుందా? వరి పండించే ఇళ్లకు కరువుందా?

"వాళ్లెక్కడో ఉన్నవాళ్లు, మన దగ్గర అవుతుందా" అంటారు. అయితే మన దగ్గరికే వద్దాం. పర్వతగిరి మండలం కల్లెడ. 2016లో జిల్లాలు విడగొట్టక ముందు జనగామ, మానుకోట, భూపాలపల్లి, కల్లెడ అన్నీ ఒకే వరంగల్ జిల్లా. ఆ ఊరి జీవాంజి దీప్తి కూలి చేసుకునే ఇంట్లో పుట్టింది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్ల. పిచ్చిదని, కోతి అని ఊళ్లో పిలిచేవాళ్లని, అనాథాశ్రమంలో వదిలేయమన్నవాళ్లు కూడా ఉన్నారని ఆ తల్లిదండ్రులే పత్రికలవాళ్లకు చెప్పుకున్నారు. వాళ్లు వదల్లేదు. బడిలో పీఈటీ సారు ఆ పిల్ల కాళ్లలోని బలం చూశాడు. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ చూసి హైదరాబాద్ పంపమంటే, బస్సు కిరాయికి కూడా డబ్బుల్లేని ఇల్లది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో పారా ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికింది. అప్పటికి ఆ విభాగంలో అదే ప్రపంచ రికార్డు. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం. 2025 జనవరిలో అర్జున అవార్డు.

పతకం వచ్చాక కోటి రూపాయలు, ఇంటి జాగా, ఉద్యోగం ఇస్తామని సర్కారు ప్రకటించింది. సంతోషమే. కానీ పతకం రాకముందు ఆ పిల్ల వెంట ఉన్నది ఎవరు? ఒక తల్లి, ఒక తండ్రి, ఒక పీఈటీ సారు, ఒక కోచ్. మన పిల్లల వెంట ఆ మొదటి ఇద్దరన్నా ఉన్నారా అన్నదే నా ప్రశ్న.

అగసర నందిని సంగతి కూడా తెలుసుకోండి. తండ్రి చాయ్ అమ్ముకుంటాడు. పిల్ల గురుకులంలో చదివింది. 2021లో నైరోబీ జూనియర్ పోటీలకు వెళ్లి హర్డిల్స్ ఉరికింది. పతకం రాలేదు. రెండేళ్లకు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, ఏడు ఆటలు కలిసిన హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కంచు గెలిచింది. నైరోబీ నుంచి ఉత్త చేతులతో వచ్చింది కదా, ఇంక చాలని ఇంట్లో కూర్చోబెడితే ఆ కంచు ఎక్కడిది?

ఇక మనవాళ్ల అభ్యంతరాలు ఒక్కొక్కటే చూద్దాం.

"ఎండకు నల్లబడుతది, రేపు లగ్గం ఎట్లయితది?" పత్తి ఏరేటప్పుడు, మిరప తోటలో కూలికి పోయేటప్పుడు అడగని ఎండ గ్రౌండు దగ్గరే ఎందుకు గుర్తొస్తుంది? ఇంటికి పైసలు తెచ్చే ఎండకు లేని దోషం పిల్లకు పేరు తెచ్చే ఎండకు వచ్చిందా?

"నిక్కరు వేసుకొని పది మందిలో ఉరుకుడేంది?" చూసేవాడి కన్ను సరిగ్గా లేకపోతే సరిచేయాల్సింది కన్నును. పిల్ల బట్టను కాదు.

"చదువు పాడైతది." పొద్దున ఆరింటికి కూర్చోబెట్టి రాత్రి పదింటికి లేపే కాలేజీల్లో చదువు బాగుపడుతున్నదా? గంటసేపు ఉరికి వచ్చిన పిల్ల పుస్తకం ముందు కునికిపాట్లు పడదు. పైగా స్పోర్ట్స్ కోటా అనేది ఒకటుందని మనకు గుర్తే ఉండదు.

"బయట రోజులు బాగాలేవు." ఈ ఒక్క భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. 2023లో మన దేశపు పేరున్న మహిళా మల్లయోధులే ఢిల్లీలో రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. కానీ భయానికి మందు పిల్లను ఇంట్లో పెట్టడం కాదు, మనం గ్రౌండుకు పోవడం. కోచ్ ఎవరో, క్యాంపులో ఆడ కోచ్ ఉందో లేదో, రాత్రి బస ఎక్కడో అడగడం. అడిగే తల్లి ఉన్న పిల్ల జోలికి రావడానికి వెధవ కూడా ఆలోచిస్తాడు.

"అందరికీ పతకాలు వస్తాయా?" రావు. నిజమే. ఎంసెట్ రాసినవాళ్లందరికీ సీట్లు వస్తున్నాయా? అక్కడ లక్షలు పోసి అడగని ప్రశ్న, ఒక జత బూట్లు కొనేటప్పుడు ఎందుకు వస్తుంది? పతకం రాకపోయినా ఆ పిల్లకు గట్టి ఒళ్లు మిగులుతుంది, ఓడి మళ్లీ లేచే అలవాటు మిగులుతుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఉరికే పిల్లకు గుడ్డు పెట్టాలి, పప్పు పెట్టాలి. అన్న పళ్లెంలో రెండు గుడ్లు, చెల్లె పళ్లెంలో ఒట్టి చారు ఉన్న ఇంట్లో పతకం సంగతి తర్వాత, ముందు ఆ చారు సంగతి తేల్చాలి.

సర్కారును వదిలిపెట్టమని నేను అనడం లేదు. హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది. 2021 సెప్టెంబరులో అక్కడే జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లలో 4 నిమిషాల 5.39 సెకన్లతో సునీతా రాణి పందొమ్మిదేళ్ల నాటి జాతీయ రికార్డును మన గడ్డ మీదనే చెరిపేసింది. ఎక్కడి పంజాబ్, ఎక్కడి హనుమకొండ! మన మూడు ఊళ్ల నుంచీ అది బస్సు ఎక్కితే చేరే చోటే. మన పిల్లల్లో ఎందరు ఆ ట్రాక్ మీద కాలు పెట్టారు? ప్రతి జిల్లా కేంద్రంలో అట్లాంటి ట్రాక్, ఒక ఆడ కోచ్ కావాలని అడగాల్సిందే. కానీ ట్రాక్ వచ్చినా ఇంటి గడప దాటనివ్వకపోతే దాని మీద ఉరికేది ఎవరు?

అందుకని తల్లులకు మూడే మాటలు. బడిలో పేరు రాయించే ముందు ఫీజుతోపాటు గ్రౌండు ఎక్కడుందో, ఆటల పీరియడ్ నిజంగా ఆటలకే ఉందో అడగండి. లెక్కల సారు ఆ పీరియడ్ లాక్కుంటే, లెక్కల మార్కుల కోసం పోయినట్టే దాని కోసం కూడా పోయి పోట్లాడండి. పదో తరగతి అయిపోయిన పిల్ల బూట్లు అటక మీద పెట్టకండి. ఆమెకు ప్రపంచం తలుపు తెరిచేది ఆ ఏడాదే.