ఎలుగుబంటిని చంపుట ఎప్పుడు న్యాయము?

ఈ సంవత్సరము మా కళాశాలలో జరిగిన వక్తృత్వపు పోటీకి "వేట నిషేధము న్యాయమా?" అన్నది విషయముగా ఇచ్చాము. అనుకూలముగా మాట్లాడినవారు జీవకారుణ్యమును గూర్చి, ప్రతికూలముగా మాట్లాడినవారు మానవుని శ్రేష్ఠతను గూర్చి చక్కగానే మాట్లాడారు. చప్పట్లు మ్రోగాయి. చివరలో పలమనేరు అడవి అంచు పల్లె నుండి వచ్చి చదువుకుంటున్న ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. "సార్, మా తాత మేకలు తోలుకొని వస్తావుంటే ఎలుగ్గొడ్డు మీదపడి మొగం చీల్చేసింది. ఆయన చేతిలో మచ్చుకత్తి ఉన్నింది. దాన్ని నరికి చంపింటే జైల్లో ఏసేవాళ్ళా?" అని అడిగాడు. బహుమతులు పొందిన వక్తలలో ఒక్కరును జవాబు చెప్పలేకపోయారు. నిజము చెప్పవలెనంటే, ఆ సభకు అధ్యక్షత వహించిన మేమును ఆనాడు తృప్తికరముగా చెప్పలేకపోయాము. ఆ లోటును తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

ఆ ప్రశ్నకు సూటియైన జవాబు "వేసేవారు కాదు" అన్నదే. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టములోని 9వ సెక్షను వేటను నిషేధించింది. ఎలుగుబంటి, చిరుత, ఏనుగు ఈనాడు ఆ చట్టపు మొదటి షెడ్యూలులో, అనగా అత్యధిక రక్షణ పొందిన ప్రాణుల పట్టికలో ఉన్నాయి. వాటిని వేటాడినవానికి మూడు సంవత్సరములకు తక్కువ కాని కారాగార శిక్ష ఉన్నది. అయినను అదే చట్టపు 11వ సెక్షను, తన ప్రాణమును గాని పరుల ప్రాణమును గాని కాపాడుకొనుటకు సద్భావముతో ఒక మృగమును చంపుట లేక గాయపరచుట నేరము కాదని స్పష్టముగా చెప్పుచున్నది. పేదవాని మెడ ఎలుగు గోళ్ళ క్రింద ఉన్నపుడు కత్తి దించి చట్టపుస్తకము చదువుకొమ్మని ఏ ప్రభుత్వమూ కోరలేదు.

అయితే చట్టము ఈ మినహాయింపునకు రెండు గట్టి కంచెలు వేసింది. మొదటిది, ఆ సమయమున ఆ మనిషి తానే ఈ చట్టమును ఉల్లంఘించుచుండరాదు. ఉచ్చులు పన్నుటకు అడవిలో దూరినవాడు, ఆ ఉచ్చులో చిక్కిన ఎలుగు తిరగబడగా కాల్చి, ఆత్మరక్షణ అని చెప్పుకొనుటకు వీలులేదు. రెండవది, ఆత్మరక్షణకై చంపిన మృగము ప్రభుత్వపు సొత్తు. దాని గోరు గాని, చర్మము గాని, పిత్తాశయము గాని చంపినవానికి దక్కవు. ఎలుగు పిత్తమునకు దొంగ వ్యాపారములో ఉన్న గిరాకీ తెలిసినవారికి ఈ నియమములోని వివేకము బోధపడుతుంది. ప్రాణము దక్కించుకొనుటకు చంపినవానికి ప్రాణమే లాభము. అంతకు మించిన లాభము చేతికి వచ్చినచోట సద్భావమును శంకించవలసియే ఉన్నది.

ఇక ఎలుగు స్వభావమును కొంత తెలుసుకొనవలెను. మన కొండలలోని ఎలుగు చెదపురుగులు, చీమలు, తేనె, రాలిన పండ్లు తిని బ్రతికే జంతువు. మనిషిని ఆహారముగా చూచునది కాదు. దాని ముక్కు చురుకు, కన్ను మందము. తల పుట్టలో పెట్టి చెదలను పీల్చుకొనుచుండగా మనిషి అలికిడి దానికి ఆలస్యముగా తెలుస్తుంది. తెలిసేసరికి ఇరువురి మధ్య పది అడుగుల దూరము కూడ ఉండదు. అపుడు పారిపోవుటకు బదులు మీదపడుతుంది. తల్లి ఎలుగు పిల్లలను వీపుపై మోసుకొని తిరుగుతుంది. దానికి బెదురు మరియు ఎక్కువ. ఎలుగు కాటు ఎక్కువగా ముఖమునకే తగులుతుంది. కళ్ళు పోయినవారు, ముక్కు తెగినవారు అడవి పల్లెలలో కనబడుటకు కారణము ఇదే. అనగా ఎలుగు చేసే గాయము ఎంత ఘోరమో, దాని వెనుక ఉన్న సంకల్పము అంత స్వల్పము. బెదరి ఒక మనిషిని కరచి పొదలలోకి పోయిన ఎలుగును మరునాడు వెదకి చంపినందువలన మూడవనాడు ఎవరి ప్రాణమును కాపాడినట్లు?

ఇందువలన మేము గ్రహించిన మొదటి సూత్రము ఇది. చంపు హక్కు ఆ క్షణమునకు మాత్రమే చెందినది. మృగము వెనుదిరిగిన తరువాత ఆ హక్కు మనిషి చేతినుండి జారిపోతుంది. ఆపైన అది విచారించి నిర్ణయించవలసిన అధికారిది.

కొన్ని మృగములు మరల మరల మనుషుల ప్రాణములు తీసే మాట నిజమే. ఈ జిల్లాలోని భాకరాపేట దగ్గర చామల లోయలో సంచరించిన నరభక్షక వ్యాఘ్రమును గూర్చి బెంగుళూరు వాస్తవ్యుడైన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1954లో ప్రచురించిన గ్రంథములో వ్రాశాడు. 1957 నాటి మరియొక గ్రంథములో ఆయన మైసూరు సీమలోని అరసీకెరె ప్రాంతపు ఎలుగు కథ చెప్పాడు. ఆ కథనము ప్రకారము ఆ ఎలుగు పన్నెండుమందిని చంపింది, ఇంకెందరినో వికలాంగులను చేసింది. అక్కడి ఒక దర్గాను కనిపెట్టుకొని ఉన్న ముసలి ముస్లిం తన కుమారుని ఆ ఎలుగు వాతబడి పోగొట్టుకొని ఆండర్సన్‌ను వేడుకున్నాడు. ఆండర్సన్ వచ్చి దానిని కాల్చాడు. ఆ తండ్రి వేడుకోలును అన్యాయమనగల గుండె మాకు లేదు. నేటి చట్టమును అట్టి స్థితిని విస్మరించలేదు. మనుషుల ప్రాణములకు అపాయకరమైన మృగమును వేటాడుటకు రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణములు వ్రాసి, వ్రాతపూర్వకముగా అనుమతి ఇవ్వవచ్చును. కాని దానిని బోనులో పట్టుటకు, మత్తుమందు ఇచ్చుటకు, వేరొక చోటికి తరలించుటకు వీలుకాదని తేలిన తరువాతనే చంపుటకు ఆజ్ఞ ఇవ్వవలెను. 2018 నవంబరులో మహారాష్ట్రలోని యవత్‌మాళ్ జిల్లాలో అవని అను ఆడపులిని కాల్చినపుడు అనుమతి ఉన్నది. సుప్రీంకోర్టు కూడ ఆ ఆజ్ఞను ఆపలేదు. అయినను రాత్రివేళ, పశువైద్యుడు లేకుండ కాల్చిన తీరు దేశమంతటా విమర్శకు గురియైనది. అనుమతి ఉన్నంత మాత్రమున తీరు న్యాయము కాదు.

దోషి ఏదో తెలియకుండ చంపరాదన్నది రెండవ సూత్రము. ఇది మన ఊరి ముంగిటనే రుజువైనది. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో తల్లిదండ్రులతో కొండ ఎక్కుచున్న ఆరేండ్ల బాలిక మృగము వాతబడి మరణించింది. అంతకు ముందు జూను నెలలో అదే దారిలో ఒక పసివానిని చిరుత ఎత్తుకొనిపోగా దైవికముగా బ్రతికి బయటపడ్డాడు. బాలిక మరణవార్త విన్ననాడు ఈ జిల్లాలో మతభేదము లేకుండ అన్నము సహించినవారు లేరు. ఆ దినములలో చంపినది చిరుతా, ఎలుగా అన్న సందేహము మొదట వినవచ్చింది. ఆ ఆగ్రహములో తుపాకులు పట్టి బయలుదేరి ఉండినచో ఏ ఎలుగు బలియై ఉండెడిదో! అట్లు చేయలేదు. బోనులు పెట్టారు. ఆ జూను మొదలు సెప్టెంబరు వరకు ఆరు చిరుతలు పట్టుబడ్డాయి. ఆ ఆరింటిలో బాలికను చంపినది ఏది అన్నది కంటిచూపు చెప్పగలిగినది కాదు. దానికి శాస్త్రపరీక్షలు కావలసివచ్చాయి. పదునైదు ఏండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము రెండు గంటల తరువాత నడకదారిలో అనుమతించలేదు. యాత్రికులకు చేతికర్రలు ఇచ్చారు. కర్రలను చూచి నవ్వినవారు లేకపోలేదు. కాని గుంపుగా, శబ్దము చేసుకొనుచు, కర్ర చేతబట్టి నడచుట మన పెద్దలు అడవిదారులలో ఎరిగిన పద్ధతియే. రామాయణమెరిగినవారికి మేము వేరుగా చెప్పనక్కరలేదు. చీకటిలో నీటి శబ్దము విని ఏనుగనుకొని బాణము వేసిన దశరథుడు తపస్వి కుమారుని చంపుకొన్నాడు.

ఆగ్రహపు తీర్పు ఎట్లుండునో శ్రీకాకుళము జిల్లా చూచింది. జీడితోటల మధ్య మనుషులూ ఎలుగులూ కలసి బ్రతుకుచున్న ప్రాంతమది. 2018లో సోంపేట ప్రాంతములో ఎలుగు దాడిలో మనుషులు చనిపోగా గ్రామస్థులు ఆ ఎలుగును కొట్టి చంపారు. 2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో ఒకరిని చంపి, పలువురిని గాయపరచిన ఎలుగును మత్తుమందు ఇచ్చి పట్టుకున్నారు. కాని విశాఖపట్నపు జంతుప్రదర్శనశాలకు తరలించుచుండగా అది మరణించింది. మొదటి గ్రామస్థులను నేరస్థులని పిలుచుటకు మా కలము ఆడదు. తోటలో శవము ఉన్నపుడు, అధికారి దూరములో ఉన్నపుడు, కర్ర దగ్గరలో ఉంటుంది. మత్తుసూది గల బృందము పల్లెకు ఎంత త్వరగా చేరునో అంత మేరకే చట్టము పల్లెకు చేరినట్లు.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో అలాస్కా, హవాయిలు మినహా తక్కిన 48 రాష్ట్రములలో గ్రిజ్లీ అను భీకరమైన ఎలుగు జాతికి 1975 నుండి రక్షణ ఉన్నది. అక్కడ కూడ ఆత్మరక్షణకు చంపవచ్చును, కాని ఐదు దినములలోపు అధికారులకు తెలుపవలెను. 1982లో మోంటానా రాష్ట్రములో ఒక గొర్రెల కాపరి, రాత్రుల వెంట తన మందను చంపుచున్న ఎలుగులలో ఒకదానిని కాల్చాడు. ప్రభుత్వము జరిమానా విధించింది. ఆస్తిరక్షణకై రక్షిత మృగమును చంపు హక్కు రాజ్యాంగములో లేదని 1988లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పింది. 1989లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమును స్వీకరించలేదు. కాని న్యాయమూర్తి వైట్ మాత్రము విభేదించారు. ఒకని సొత్తు నాశనమగుచుండగా అడ్డుకొనరాదని శాసించుట, ఆ సొత్తును ప్రభుత్వమే తీసుకొనుటతో సమానము కాదా అన్నది ఆయన లేవనెత్తిన ప్రశ్న.

ఆ ప్రశ్న మోంటానాలో కంటె మన చిత్తూరు సీమలో ఎక్కువ మ్రోగవలసినది. మన చట్టము ప్రకారమును పంటనష్టము ఎలుగును గాని ఏనుగును గాని చంపుటకు కారణము కాజాలదు. అది సరియైనదే అని మా అభిప్రాయము. వేరుసెనగ చేను మరుసటి కారుకు మరల పండుతుంది. నశించిన జాతి మరల పుట్టదు. కాని చేను పోయిన రైతు మరుసటి కారు వరకు ఏమి తిని బ్రతకవలెను? 1980 ప్రాంతములలో పొరుగు రాష్ట్రముల నుండి ఏనుగులు కుప్పము, పలమనేరు అడవులకు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడింది. నాటినుండి చేలకు దొంగచాటుగా కరెంటు తీగలు పెట్టుట, ఏనుగులు చచ్చుట, ఆ తీగలకే మనుషులు కూడ బలియగుట వింటూనే ఉన్నాము. తీగ పెట్టినవాడు ఆ క్షణపు ప్రాణభయముతో పెట్టలేదు. అతడు నిద్రించుచుండగా అది చంపుతుంది, ఎవరిని చంపుచున్నదో చూడదు. అందుచేత అది ఆత్మరక్షణ కాదు. అయినను ఆ తీగ వరకు రైతును నెట్టినది నష్టపరిహారపు ఆలస్యమే అయినచో, ఆ నేరములో మనకందరికీ పాలున్నది. 2023 ఆగస్టులో గుడిపాల మండలములో భార్యాభర్తలను చంపిన ఏనుగును కాల్చక, శిక్షణ పొందిన ఏనుగుల సాయముతో పట్టి తిరుపతి జంతుప్రదర్శనశాలకు చేర్చారు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వము మన రాష్ట్రమునకు కుంకీ ఏనుగులను ఇచ్చింది. మార్గము ఉన్నదని ఇవి తెలుపుచున్నాయి.

మన ధర్మములో కూడ ఈ తూకము క్రొత్తది కాదని మా ముస్లిం విద్యార్థులకు జ్ఞాపకము చేయదలచాము. హజ్ యాత్రికుడు ఇహ్రామ్ ధరించినంత కాలము నేలపై వేట అతనికి నిషిద్ధము. బుద్ధిపూర్వకముగా చంపినచో పరిహారము చెల్లించవలెను. ఇది ఖుర్‌ఆన్ ఆజ్ఞ. అయినను మీదికి దూకిన క్రూరమృగమును ప్రాణరక్షణకై చంపినవానిపై పరిహారము లేదని మన ధర్మశాస్త్రవేత్తలు తేల్చారు. మక్కా దారిలోని యాత్రికునికైనను, తిరుమల దారిలోని యాత్రికునికైనను న్యాయము ఒక్కటే. మీదికి వచ్చినపుడు కాపాడుకొనుము, రానిదానిని ముట్టకుము.

ఇక మా విద్యార్థి ప్రశ్నకు తిరిగి వత్తము. నాయనా, మీ తాత ఆనాడు నరికి ఉండినచో అది నేరము కాదు. మరునాడు పదిమంది కత్తులతో గుట్ట ఎక్కి, కనబడిన మొదటి ఎలుగును నరికి ఉండినచో అది నేరమే. కాని ఈ రెండవ మాట చెప్పు అర్హత మాకు కలుగవలెనంటే, మీ తాత ముఖమునకు కుట్లు వేయు వైద్యుడు, చేతికి అందు పరిహారము, మీ పల్లెకు పిలిచినపుడు వచ్చు అటవీ సిబ్బంది ఉండవలెను. వంటచెరకునకు గుట్ట ఎక్కవలసిన అగత్యము మీ అమ్మకు తప్పవలెను. అడవికి దూరముగా పట్టణములో ఫ్యాను క్రింద కూర్చుండి వేట నిషేధమును పొగడు మావంటివారు ఆ ఖర్చులో తమ వంతు భరించుటకు ఒప్పుకొనవలెను. వచ్చే సంవత్సరపు వక్తృత్వపు పోటీకి ఆ వంతు ఎంత అన్నదే విషయముగా ఇచ్చుటకు మేము నిశ్చయించాము. మొదట మాట్లాడవలసినవాడవు నీవే.