బ్యాంకు కలిసిపోయింది, తారీఖ్ కూడా కలిసిపోవాలా?

2017 ఏప్రిల్ 1న శ్రీనగర్ కాలనీ నుంచి గన్‌ఫౌండ్రీ దాకా స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పేరు ఖతం. విలీనం అన్నారు. కలిసినవాళ్లలో ఒకరి పేరే మిగిలితే అది ఎలాంటి కలయిక సాబ్?

1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్‌గా పుట్టి, ఉస్మానియా సిక్కా జిమ్మేదారీ మోసిన బ్యాంకు అది. ఆ నోట్ల మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడం ఉండేవి. నిజాం జమానాలో బడుల్లో తెలుగుకు నాఇన్సాఫీ జరిగింది, ఒప్పుకుందాం. కానీ ఆ నోటు కూడా హఖీఖతే. ఒకటి చెప్పి రెండోది దాచడం తారీఖ్ కాదు, సియాసత్.

మన ముతాలబా చిన్నదే: గన్‌ఫౌండ్రీలో ఆ పాత పేరుతో, ఆ నాలుగు భాషల్లో ఒక తఖ్తీ పెట్టండి. ఇంట్లో దాదాజాన్ పాస్‌బుక్ ఉంటే రద్దీవాడికి వేయకండి. బచ్చాలకు చూపించండి. అదీ మన విరాసతే.