వైను ద్రాక్షకు లైసెన్సు ఒక్కటే చాలదు

చిన్న రైతులకు వైను తయారీ లైసెన్సులు, అప్పులు సులభముగా దొరికినచో ద్రాక్షకు మంచి ధర పలుకునని రైతు సోదరులు పలువురు అనుకొనుచున్నారు. ఆ మాటలో నిజము లేకపోలేదు. అయితే ఈ దారిని మనకన్న ముందు నడచిన నాసిక్ రైతుల సంగతి తెలిసికొనిన పిమ్మటనే గుంతలు త్రవ్వుట మంచిది.

మహారాష్ట్ర ప్రభుత్వము 2001లో ద్రాక్ష పరిశ్రమకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. అక్కడి ద్రాక్షతో చేసిన వైనుపై ఎక్సైజు సుంకమును మినహాయించి, లైసెన్సు చిక్కులను తగ్గించినది. నాసిక్ జిల్లా వించూరులో వైనరీలకు స్థలము ఏర్పరచినది. రైతులు కొందరు తామే వైనరీలు పెట్టిరి. మరెందరో వైను రకములు నాటిరి. 2008లో ఆర్థికమాంద్యము, ఆ నవంబరులో బొంబాయి దాడులు వచ్చి హోటళ్ల వ్యాపారము దెబ్బతినగా వైను అమ్ముడుపోక నిలిచిపోయినది. పలు వైనరీలు పండు కొనుట మానుకొన్నవి. రైతులు కాపునకు వచ్చిన తీగలనే పెరికివేసిరి.

ఇందుకు కారణము తీగలోనే ఉన్నది. థాంసన్ సీడ్‌లెస్ ధర పడిపోయినచో ఎండబెట్టి కిస్‌మిస్ చేయవచ్చును. హైదరాబాదు పరిసరములలో పేరుపొందిన అనాబ్-ఎ-షాహి గుత్తులను బండిమీద పెట్టియైనను అమ్మవచ్చును. షిరాజ్, కాబర్నే సావిన్యో వంటి వైను రకముల పండు చిన్నది, తోలు మందము, గింజలెక్కువ. తినుటకు దానిని ఎవరు కొందురు? కోసిన పండు నిలువయుండదు. వైనరీ వారు వద్దన్ననాడు ఆ రైతునకు వేరు గతి లేదు. వైనరీకి సయితము సీసా అమ్మినగాని డబ్బు రాదు. మంచి ఎర్ర వైనును ఏడాదికి పైగా నిలువ పెట్టవలసియుండును.

కనుక నేను కోరునది లైసెన్సు ఫీజు తగ్గింపు మాత్రమే కాదు. తీగ కాపునకు వచ్చి, వైను అమ్ముడగువరకు అప్పు వాయిదాలు మొదలు కారాదు. నలుగగొట్టు యంత్రములు, చల్లబరచు తొట్లు పదిమంది చిన్న రైతులకు ఉమ్మడిగా ఉండవలెను. మద్యము రాష్ట్రముల అధికారములోనిది. రాజ్యాంగము 47వ అధికరణము మద్యనిషేధమునకు యత్నించుమనుచున్నది. నేటి రాయితీ రేపు ఉండునని ఎవరును హామీ ఇవ్వలేరు. తోట మాత్రము పదేండ్లకు పైబడిన పెట్టుబడి.

వైను రకములు నాటుటకు అప్పు కోరి వచ్చిన రైతును గ్రామాధికారులు మొదట కొనుగోలు ఒప్పందము చూపుమని అడుగవలెను. కిలో ధర, పండులో ఉండవలసిన తీపి శాతము, డబ్బు చెల్లించు తేదీ, కొననిచో ఇచ్చు పరిహారము అందులో వ్రాసియుండవలెను. అది లేనివారు తినుటకు పనికివచ్చు రకములనే నాటుకొందురు గాక.