గాదెకు తాళము, గృహిణికి నింద

నెల ముగియకముందే కందిపప్పు డబ్బా అడుగంటినచో నింద యెవరిపై పడును? గృహిణిపైననే. ఆమెకు పొదుపు తెలియదట! ఈ మాట విద్యావంతుల యిండ్లలో గూడ వినబడుచున్నది గనుక దీనిని విచారింపక తప్పదు.

కె. గంగవరము ప్రాంతమునే చూతము. గోదావరి కాలువల క్రింద సార్వా వరి కార్తిక మార్గశిరములలో కోతకు వచ్చును. రైతు ఇంట డబ్బు మెదలు కాలమదియే. సంక్రాంతి వెళ్ళిన పిమ్మట క్రొత్త కందులును, మాఘ ఫాల్గుణములలో క్రొత్త చింతపండును, ఎండుమిరపకాయలును బజారునకు దిగును. అప్పుడు ధర మెత్తబడుట సాధారణము. మన అమ్మమ్మలు చింతపండు గింజ తీసి, ఈనెలు వలిచి, ఉప్పు కలిపి జాడీల కెత్తినది వినోదమునకు కాదు.

ఆ యదను గృహిణి యెరుగును. కాని ధాన్యపు సొమ్ము యజమాని జేబులో నుండును. అందులో ఎరువుల బాకీకి చోటు కలదు, పెండ్లి బాకీకి చోటు కలదు, సంక్రాంతి కోడిపందెమునకు సయితము చోటు కలదు. చింతపండునకు మాత్రము లేదు. పిమ్మట ఆమె ఏడాది పొడవున అరకిలో, పావుకిలో చొప్పున అరువు పద్దుమీద తెప్పించుకొనవలయును. అరువు ధరలో వడ్డీ దాగియుండునని వేరుగ చెప్పవలయునా? నెలకు 2 కిలోల పప్పు వాడు ఇంట కిలోకు 20 రూపాయలు వ్యత్యాసమనుకొన్నను ఏడాదికి 480 రూపాయలు. ఇది యొక్క పప్పుమీదనే.

అయితే బస్తాలకొలది కొనుటయే పొదుపని వాదించువారితోను మేము ఏకీభవింపము. 120 రూపాయల చొప్పున కొన్న ఆ 24 కిలోలలో 4 కిలోలు పురుగుపట్టెనా, ఆ 480 రూపాయలును హరించుకొనిపోయినట్లే. ఆషాఢ శ్రావణముల తేమ మన తీరమున చిన్నది కాదు. పప్పు బాగుగ ఎండబెట్టి, చల్లార్చి, గాలి చొరని డబ్బాలో పోయవలయును. మిరపకాయలను కాయలుగనే యుంచి కొద్దికొద్దిగా కొట్టించుకొనవలయును. పొడికి రంగును ఘాటును త్వరగా తగ్గును. బియ్యము పాతదైన అన్నము మేలు. నూనె పాతదైన వాసన చెడును. దానిని తక్కువ ధర యని డబ్బాలు డబ్బాలుగా కొనుట అవివేకము.

గౌతమి యొడ్డున నున్నవారికి మరియొక కారణము గలదు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన వరదలను ఇచ్చటివారు మరువలేదు. ఏరు పొంగినపుడు కోటిపల్లి, ముక్తేశ్వరముల నడుమ పంటు నిలిచిపోవును. లంకలకు సరుకు చేరుట కష్టమగును. అట్టి యిండ్లలో పదిదినముల బియ్యము, పప్పు, ఉప్పు, అగ్గిపెట్టెలు అటకమీద నుండుట పిసినారితనము కాదు. 2020 మార్చిలో రాకపోకలు నిలిచిన వేళ ఇంటినిండ మూటలు దింపించుకొన్నవారి సంగతి వేరు. వారు నిలువ చేసినది తమ వాటా కాదు, పొరుగింటి వాటా.

కావున నింద మాని యజమానులు చేయవలసిన పని యొకటి గలదు. ధాన్యపు సొమ్ము ఇంటికి వచ్చిన దినముననే, బాకీదారులకంటె ముందు, ఏడాది సరుకులకు కావలసిన మొత్తమును గృహిణి చేతి కీయవలయును. ఉద్యోగుల యిండ్లలో నెలనెలకును కొంత తీసి ఆమె పేర బ్యాంకులో వేసి యుంచవచ్చును. లెక్క ఆమెయే వ్రాసికొనును. అడిగినపుడెల్ల చూపవలెనను షరతు మాత్రము వలదు, కోడిపందెపు లెక్క ఆమె యడుగుట లేదు గదా! ఒక నోటుపుస్తకము చాలును. మొదటి పుటలో చింతపండు వ్రాసికొనవచ్చును.