గీత మీద కాలివేలు

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు వ్యాసంలో 'టో ద లైన్' అన్న జాతీయం వాడాను. 'టో'కి టి, ఓ, డబ్ల్యూ అని రాశాను. లెక్చరర్ గారు దాన్ని బోర్డు మీద రాసి, "ఇదీ హాస్టల్ ఇంగ్లీషు" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా ఇంగ్లీషు పీరియడులో నేను నోరు విప్పలేదు.

అసలు సంగతి తర్వాత తెలిసింది. టి, ఓ, ఇ అని రాస్తే కాలివేలు. టి, ఓ, డబ్ల్యూ అని రాస్తే తాడు కట్టి లాగడం. పలకడం రెండూ ఒకటే. పైగా ఇంగ్లీషులో లైన్ అంటే గీతే కాదు, తాడు కూడా. అందుకే తాడు లాగడమని పొరబడతారు. సరైనది కాలివేలే. పరుగుపందెంలో గీతకు కాలివేళ్లు ఆనించి నిలబడటం నుంచి వచ్చిందని కొందరంటారు. ఓడ డెక్కు మీద పలకల అతుకు వెంట నావికులు వరుసగా నిలబడటం నుంచి అని మరికొందరంటారు. ఇప్పటి అర్థం పైవాళ్లు చెప్పినట్టు నడుచుకోవడం. మన 'గీచిన గీటు దాటడు' లాంటిదే.

1903లో మన దేశంలోని మోతీహారిలో పుట్టిన ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్, 1946లో అచ్చయిన ఒక వ్యాసంలో సరిగ్గా ఈ తప్పునే ఎత్తిచూపారు. ఆయన మాట్లాడింది మన హాస్టళ్ల గురించి కాదు, ఆనాటి ఇంగ్లీషు రాతల గురించి. వాళ్లు రాస్తే పొరపాటు, మనం రాస్తే హాస్టల్ ఇంగ్లీషు ఎలా అవుతుంది?

తప్పును సమర్థించమని నేననడం లేదు. తప్పు దిద్దుకోవాల్సిందే. కానీ నవ్వితే స్పెల్లింగ్ రాదు, నోరు మూతపడుతుంది. గీత మీద కాలివేలు బొమ్మ గీసి చూపిస్తే ఎవరూ మరిచిపోరు.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. స్టడీ అవర్‌లో రోజుకొక జాతీయం, దాని పుట్టుకతో సహా నోటీసు బోర్డు మీద రాయండి. జూనియర్ తప్పు రాస్తే పక్కన కూర్చుని చెప్పండి. పూర్వ విద్యార్థులం మేమూ వచ్చినప్పుడల్లా ఒకటి రాసి వెళ్తాం.

పందెం గీత దగ్గర అందరి కాలివేళ్లూ ఒకే వరుసలో ఉంటాయి. ఆ గీత దాకా రావడానికే మన పిల్లలు చాలా దూరం నడుస్తారు. అలా వచ్చినవాళ్లను ఒక్క అక్షరం పేరుతో వెనక్కి నెట్టకూడదు.