మనోడే అయినా, రాసివ్వమనండి

అల్మాస్‌గూడలో మన ఇళ్లలో కారు మొరాయిస్తే మొదటి సవాల్ ఒకటే: "మిస్త్రీ మనోడేనా?" మనోడైతే చాలు, భరోసా. "అంతా కలిపి పన్నెండు వేలు భాయీ" అంటే తల ఊపేస్తాం. కాగితం అడగడానికి శరం!

ఈ శరమే మన జేబుకు చిల్లు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ (అల్ బఖరా 282) అప్పు లావాదేవీని రాసుకోమని చెప్పేదే. అప్పటికప్పుడు ఇచ్చిపుచ్చుకునే సౌదాకు అందులోనే మినహాయింపు ఉంది. కానీ బండి ఇవాళ వదిలి, డబ్బు ఎల్లుండి కట్టే మరమ్మతు అలాంటిదా?

"అంతా కలిపి" అంటే ఇన్సాఫ్ తేలదు. సామాను వేరుగా, మజ్దూరీ వేరుగా రాయించండి. సామాను డబ్బా మీద ఎమ్మార్పీ చూడండి. రాణీగంజ్ దుకాణానికి ఫోన్ చేసి ధర కనుక్కోండి. విప్పిన పాత సామాను చూపించమనండి. బిల్లు ఇవ్వననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారం. ఫిర్యాదుకు 1915 ఉంది.

మనమూ జుల్మ్ చేస్తాం. సామాను ధరకు నోరెత్తం, బేరమంతా మజ్దూరీ మీదే! క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. అది ఉస్తాద్, షాగిర్దుల గంటల చెమట, దానికి పూర్తి హఖ్ ఇవ్వండి. బ్రేక్ ప్యాడ్లకూ అంతే మజ్దూరీ అడిగితే మాత్రం నిలదీయండి.

హిసాబ్ సాఫ్‌గా ఉన్న మిస్త్రీ కాగితానికి జంకడు. జంకేవాడు మనోడైనా సరే, బండి తాళం ఇవ్వకండి.